కొండకు ఏ నెల మంచిది?

సిద్దిపేట,
తారణ నామ సంవత్సరం, ఫాల్గుణ శుద్ధ ద్వాదశి, శనివారం.

సోలాపురంలో ఉన్న అన్న భిక్షపతి గారికి చెల్లెలు యాదలక్ష్మి చేతులు జోడించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ బావ, పిల్లలిద్దరూ, కొత్తగా ఈనిన మేక, అందరూ బాగానే ఉన్నారు. అక్కడ వదిన, పిల్లలు చల్లగా ఉండాలని మార్కండేయుణ్ణి మొక్కుకుంటున్నాను. పెద్దవాళ్లకు రాసేటప్పుడు ఇట్లా మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. నేర్పినట్టే రాశాను. మర్యాద ఇంతటితో అయిపోయింది.

అన్నా, నన్ను చూసి ఎందుకు పారిపోయావు?

ఇంటికి వచ్చి వారమైంది. ఈ వారంలో ఈ ఉత్తరం నాలుగుసార్లు మొదలుపెట్టి నాలుగుసార్లు చింపాను. కాగితానికి కరువొచ్చిన రోజులు. మీ బావ విసుక్కుంటున్నాడు. ఈసారి చింపను. ఎంత చెడ్డగా వచ్చినా ఇదే నీకు చేరుతుంది.

నీ ఉత్తరాలన్నీ సందుగలో దాచిపెట్టాను. నిన్న అన్నీ ముందేసుకుని కూర్చున్నాను. శ్రీశైలం పోవాలి, మనల్ని కన్న అవ్వ కన్నుమూసిన చోట దీపం పెట్టి రావాలి, ఆ దారి నడిచినవాడివి మన ఇంట్లో నువ్వొక్కడివే, ఏ నెల మంచిదో చెప్పు అని నేను అడగడం, నువ్వు వద్దనడం. ఏడేళ్లుగా ఇదే కదా మన ఇద్దరి ఉత్తరాల్లో ఉన్నది!

శ్రావణంలో మగ్గం గుంతలో నీరూరి పని ఆగుతుంది కదా, అప్పుడు పోతామన్నాను. వాగులు పొంగుతాయి, అడవి జ్వరం పట్టుకుంటే మనిషి దక్కడు అని రాశావు. నమ్మాను. కార్తీకంలో పోతామంటే గడ్డి మనిషెత్తు లేచి ఉంటుంది, పులి పక్కనే నిలబడ్డా కనబడదు అన్నావు. అదీ నమ్మాను. పుష్యంలో పోతామంటే, పసిపిల్లల తల్లివి, కొండమీది చలి నీకెందుకన్నావు. జ్యేష్ఠంలో అంటే ఎండకు బండలు పేలతాయన్నావు. శివరాత్రి సంగతి అడిగితే తొక్కిసలాట, గత్తర రోగం అన్నావు. ఉగాది గురించి అడిగిన ఉత్తరానికి మాత్రం నువ్వు ఒకే ఒక్క ముక్క రాశావు. ‘ఉగాది మాట ఎత్తకు.’ అవ్వ పోయిన దుఃఖం ఇంకా ఆరలేదు పాపం అనుకుని, ఆ కార్డు పట్టుకుని నేనే ఏడ్చాను. నాకంటే తెలివితక్కువది ఎవరైనా ఉంటారా?

మరి ఏ నెలలో పోవాలన్నా? ఏడాదికి ఉన్నవి ఆరు ఋతువులు. ఆరూ నువ్వే మూసేశావు.

ఈ ఏడు నిన్ను అడగలేదు. యుద్ధం పేరు చెప్పి నూలు మీద కంట్రోలు పెట్టారు. మాఘమాసంలో, పెళ్లిళ్ల కాలంలో, మగ్గం ఊరికే పడి ఉండటం నేను బుద్ధెరిగాక చూడలేదు. మన వాడలో ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. అట్లాంటి రోజున కనకవ్వ వచ్చింది. నీకు గుర్తుందో లేదో, అవ్వతో కలిసి నూలుకు పెట్టే గంజి కాచేది. డెబ్బై దాటాయి ఇప్పుడు. “పోరీ, మగ్గం పండుకున్నది. మనం గూడ పండుకుందామా? నడు, మల్లన్న కాడికి పోదాం” అంది.

ఈ నెల మంచిదేనా పెద్దవ్వా అని అడిగాను. ఆమె నవ్విన నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. “నీకేమన్న పిచ్చా? శివరాత్రికి గాక ఇంకెప్పుడు పోతరే? చలి పోతది, ఎండలింక ముదరవు. బండల నడిమి దోనెలల్ల నీళ్లుంటయ్. ఆకు రాలి దారి కండ్లవడ్తది. దినాం వేలమంది నడుస్తుంటే పులేడికెళ్లి వస్తది? మా అత్త జమాన నుంచి గిదే నెల” అంది. ఏడేళ్లు ఉత్తరాలు రాసి నీ దగ్గర రాబట్టలేని జవాబు, ఆమె తమలపాకు నములుతూ చెప్పేసింది.

తొమ్మిది మందిమి బయలుదేరాం. హైదరాబాదు దాకా, పెట్రోలు కరువు కదా, బొగ్గుతో నడిచే బస్సు. ఎత్తు వచ్చినచోటల్లా దిగి తోశాం. అచ్చంపేట దాకా ఇంకో బస్సు. మన్ననూరు దాటాక అంతా కాలినడక. అన్నా, నిజం చెప్పనా, ఆ దారి చూసిన కొద్దీ నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే అందులో భయపడవలసింది ఏమీ లేదు. పొద్దున చల్లగా నడవడం, ఎండ ఎక్కేవేళకు ఏదో ఒక చలివేంద్రం, మధ్యాహ్నం చెట్టు కింద జొన్నరొట్టె. ముందూ జనమే, వెనకా జనమే. అలసినవాళ్ల మూటను పక్కవాళ్లు అందుకుంటున్నారు. కనకవ్వ నాకంటే ముందు నడిచింది. ఇంత తేలికైన దారిలో ఏడేళ్లు నన్ను రానివ్వలేదే, మా అన్నకు ఏం పట్టింది అనుకుంటూ నడిచాను.

ఏం పట్టిందో మూడో రోజు తెలిసింది.

రెండు ఎత్తుల నడుమ ఆ బోడి బండ ఉంది చూడు. నేను నీకు చెప్పడం ఏమిటి, నాకంటే నీకే బాగా తెలుసు. మిగతా చోట్ల దోనెలు నిండుగానే ఉన్నాయి. అక్కడి రాతి దోనెలో మాత్రం నీళ్లు అడుగంటి పాచిపట్టాయి. దాని పక్కనే గడ్డిపందిరి, నీడన వరుసగా కుండలు. గడ్డం పెరిగిన మనిషి ఒకడు తల దించుకుని వచ్చినవాళ్ల దోసిళ్లలో నీళ్లు పోస్తున్నాడు. నా వంతు వచ్చింది. వంగి దోసిలి పట్టాను. రెండు గుక్కలు గబగబా మింగాను.

“మెల్లగ తాగవ్వా. అంత దూపల ఒక్కసారి తాగొద్దు” అన్నాడు ఆ మనిషి.

గడ్డం పెంచితే ముఖం మారుతుంది కాని గొంతు మారుతుందా అన్నా? తల ఎత్తి చూశాను. సోలాపురం మిల్లులో ఉండాల్సినవాడివి అడవి నడుమ చెంబు పట్టుకుని నిలబడ్డావు. అన్నా అని పిలిచాను. నువ్వు చూశావు. చూడలేదని మాత్రం అనకు. చెంబు బండమీద పడి దొర్లింది. నువ్వు పందిరి వెనకనుంచి లోయలోకి దిగిపోయావు. నేను పేరు పెట్టి అరుస్తూ అంచుదాకా పరుగెత్తాను. కనకవ్వ వచ్చి రెక్క పట్టి ఆపకపోతే నేనూ దొర్లేదాన్నే. మా వాళ్లంతా నాకు ఎండదెబ్బ తగిలిందనుకున్నారు. తల మీద నీళ్లు పోశారు. నువ్వు మోసుకొచ్చిన నీళ్లే.

అక్కడ కుండలు సర్దుతున్న చెంచు ఆడమనిషి బయమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. “గాయిన నీకేమైతడు?” అని అడిగింది. నా తోడబుట్టిన అన్న అన్నాను. “అయితె సిద్ధమ్మవ్వ బిడ్డవా?” అంది.

నువ్వు ఏడేళ్లలో చెప్పనిది ఆమె ఒక్క పూటలో చెప్పింది. ఆమె నోట వచ్చినట్టే రాస్తున్నాను, చదువుకో.

“ఉగాది ఇంక ఐదు దినాలున్నది. దారిల పురుగు లేదు. శివరాత్రి అయినంక ఈ దిక్కు ఎవ్వరు రారు, ఉగాదికి కన్నడపోళ్లు ఆవలి దిక్కుకెళ్లి ఎక్కుతరు. చలివేంద్రాలు ఎత్తేసిన్రు. మీ అన్న, మీ అవ్వ ఇద్దరే వచ్చిన్రు. దోనెల నీళ్లుంటయని నమ్మి వచ్చిన్రు. అది ఎండి పగిలి ఉన్నది. అవ్వ ఇంక నడవలే. మీ అన్న ఆమెను నీడకు కూసోవెట్టి నీళ్లకు లోయల దిగిండు. దారి తెల్వదు. తప్పిండు. పొద్దుగాల పోయినోడు పొద్దు వాలినంక కుండతోని వచ్చిండు. అప్పటికే ఆమె లేదు. మా ఆయన పోయేసరికి, సచ్చిన తల్లి నోట్ల చుక్క చుక్క నీళ్లు పోసుకుంట కూసున్నడు.”

అవ్వను ఎక్కడ పెట్టారని అడిగాను. చూపించింది. పందిరికి యాభై అడుగుల దూరంలో ఒక రాళ్లకుప్ప. పేరు లేదు, గుర్తు లేదు. ఏటా శివరాత్రికి పది రోజుల ముందు నువ్వు వస్తావట, జనం తిరిగి దిగేదాకా ఉండి నీళ్లు పోస్తావట. ఇది ఏడోసారి అట. “గుడి ఇంక ఒక్కదినం నడక. ఏడేండ్లాయె, ఒక్కపారి గుడి మొగం చూడలే ఆయన” అంది బయమ్మ.

ఇప్పుడు నేను అడుగుతాను. నువ్వు చెప్పు.

నువ్వు తిరిగి వచ్చిన రోజు మన వాకిట్లో వాడంతా పోగైంది. ఏం చెప్పావు? అవ్వ పాతాళగంగలో మునిగిందన్నావు. మెట్లన్నీ తనే ఎక్కిందన్నావు. ఉగాదినాడు దర్శనం చేసుకుని, ధ్వజస్తంభానికి ఆనుకుని కూర్చుని, దాహం వేస్తుందంటే నువ్వు నీళ్లిచ్చావని, తాగి నవ్వుతూ కన్నుమూసిందని చెప్పావు. అబద్ధంలో అవ్వ దాహం తీర్చావు అన్నా.

నీ మాట విని ఆడవాళ్లు నా కాళ్లు మొక్కారు. సిద్ధమ్మ బిడ్డ అని, మల్లన్న పాదాల దగ్గర పోయిన పుణ్యాత్మురాలి బిడ్డ అని, పెళ్లికూతుళ్లకు నాచేత పసుపు పెట్టించారు. నేను సిగ్గులేకుండా పెట్టాను. ఎవరింట్లో ముసలివాళ్లు మంచాన పడ్డా నన్ను పిలిచి అవ్వ కథ చెప్పమంటారు. నేను చెబుతాను. చెప్పీ చెప్పీ మెట్లమీద అవ్వ చీర కొంగు ఎట్లా ఎగిరిందో కూడా కల్పించి చెబుతున్నాను. నువ్వు అబద్ధం ఆడి సోలాపురం పోయావు. దాన్ని ఏడేళ్లు మోసింది నేను.

ఉగాదినాడు పోయిందన్నావు కాబట్టి ఉగాదినాడే తిథి పెడుతున్నాం. ఊరంతా మామిడి తోరణాలు కడితే మన ఇంట్లో పిండం. నా పిల్లలు ఆరు ఉగాదులు పచ్చడి రుచి చూడలేదు. చిన్నది పోయినేడు ఎదురింటి గుమ్మంలో నిలబడి వాళ్లు తింటుంటే చూస్తూ ఉంటే, రెక్క పట్టి గుంజుకొచ్చి కొట్టాను. అవ్వ పోయిన రోజని తెలియదా అని కొట్టాను. అది అవ్వ పోయిన రోజే కాదు! అవ్వ పోయింది అంతకు ఐదు రోజుల ముందు, బహుళ ఏకాదశినాడు. ఏడేళ్లు ఆ రోజున మేము కడుపునిండా తిని మగ్గం ముందు కూర్చున్నాం. కన్నతల్లికి సరైన రోజున ముద్ద పెట్టనివ్వని కొడుకును ఏమంటారో నువ్వే చెప్పు. చదువుకున్నవాడివి.

ఇంకొకటి. నాకు జ్వరమని ఆ శివరాత్రికి అవ్వ ప్రయాణం ఆగింది, సరే. అయితే ఏం, వచ్చే శివరాత్రి దాకా ఆగలేకపోయావా? ముసలిమనిషిని ఎండిన కొండమీదికి, మనిషి జాడలేని దారిలో తీసుకుపోతారా ఎవరైనా? కనకవ్వను అడిగినా చెప్పేది. పోయివచ్చిన పదిమందిలో ఏ ఒక్కరిని అడిగినా వద్దనేవాళ్లు. నువ్వు అడగలేదు. నీకు అన్నీ తెలుసు మరి. తప్పు నెల పట్టి అవ్వను పోగొట్టి, ఆ తర్వాత నెలలన్నింటికీ తప్పులు పట్టి నాకు పాఠాలు రాశావు.

ఇంత రాసినా నా కోపం వీటి మీద కూడా కాదు. నువ్వు ఒక్కడివే ఏడ్చావు, దానిమీద. అవ్వ నీకొక్కడికే తల్లా? ఆ రాళ్లకుప్ప దగ్గర కూర్చునే హక్కు నాకు లేదా? నువ్వు ఏటా పోయి నీళ్లు పోసి నీ పాపం నువ్వు కడుక్కుంటుంటే, నన్ను ఇక్కడ ధ్వజస్తంభం కథ చెప్పుకోమని వదిలేశావు. ఒక్క కార్డు ముక్క, ‘చెల్లీ, తప్పు జరిగింది’ అని రాస్తే నేను ఏమనేదాన్ని? తిట్టేదాన్ని. రెండు రోజులు అన్నం మానేసేదాన్ని. మూడోరోజు వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని. నా సంగతి నీకు తెలియదా?

నువ్వు పారిపోయాక ఏం జరిగిందో నీకు సగమే తెలుసు. మిగతా సగం రాస్తాను.

కింద పడ్డ చెంబు అక్కడే ఉంది. జనం వస్తూనే ఉన్నారు. ఎండ నెత్తికెక్కింది. ఒక బాలింత పిల్లను చంకనేసుకుని కుండల వైపు చూస్తూ నిలబడింది. చెంబు తీసి కడిగి ఆమెకు పోశాను. ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. కనకవ్వ ఎదురుచూసి చూసి, “నువ్వు ఈడనే ఉంటవని నాకెర్కైంది. నీ పేరు మీద నేనే మొక్కుత” అని మిగతావాళ్లను తీసుకుని గుడికి పోయింది. వాళ్లు తిరిగి వచ్చేదాకా నేను ఆ పందిరి కిందే ఉన్నాను. శ్రీశైలం దాకా పోయి మల్లన్నను చూడకుండా వచ్చినవాళ్లం ఇప్పుడు మన ఇంట్లో ఇద్దరం.

పోస్తున్నంతసేపూ నిన్ను తిడుతూనే పోశాను. బయటికే తిట్టాను. ఒక ముసలాయన తాగి మూతి తుడుచుకుని, “బిడ్డా, నీళ్లు తియ్యగున్నయ్ గని నీ నోరు మస్తు చేదున్నది” అన్నాడు. బయమ్మ పడీపడీ నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

కుండలు ఖాళీ కాబోతుంటే బయమ్మ మొగుడు లోయలోంచి కావడితో నీళ్లు తెచ్చి నింపేవాడు. ఒక్కడే ఇన్ని నీళ్లు ఎట్లా ముంచుతున్నాడని అడిగితే అతడు ఖాళీ కావడి ఎత్తుకుని గబగబా దిగిపోయాడు. కింద ముంచి ఇస్తున్నది నువ్వని నాకు తెలియదనుకున్నావా? నాలుగు రోజులు నువ్వు కింద, నేను పైన, మధ్యలో ఒక కావడి. పైకి వచ్చి నా ఎదురుగా నిలబడటానికి నీకు ధైర్యం చాలలేదు. నాకు మాత్రం కిందికి దిగడానికి మనసొప్పలేదు. పారిపోయినవాడే రావాలని పంతం పట్టి కూర్చున్నాను.

ఇక నువ్వు చేయవలసింది విను. ఇది అడగడం కాదు. వచ్చే బహుళ ఏకాదశికి ఇంకా రెండు వారాలుంది. సెలవు ఇస్తే సెలవు పెట్టి, ఇవ్వకపోతే మానేసి, వదినను పిల్లలను తీసుకుని సిద్దిపేట రా. గడ్డం తీయించుకుని రా. ఆ రోజున నీ చేతులతో అవ్వకు పెట్టాలి. పెట్టాక, నువ్వు అబద్ధం చెప్పిన ఆ వాకిట్లోనే నిలబడి, వాడవాళ్లందరి ముందు నిజం చెప్పాలి. నీ పక్కన నేను నిలబడతాను. రాళ్లు వేస్తే ఇద్దరి మీదా వేస్తారు. తద్దినం పెట్టించే అయ్యగారితో మాట్లాడాను. మీ బావకు అంతా చెప్పాను. కనకవ్వకు దారిలోనే చెప్పాను. మిగతావాళ్లకు చెప్పలేదు, అది నీ పని. రాకపోతే ఏకాదశి దాటిన మర్నాడే రైలెక్కి సోలాపురం వస్తాను. మిల్లు గేటు ముందు కూర్చుంటాను. నా నోరు ఎంత పెద్దదో నీకు తెలుసు.

వదినకు నమస్కారం. పిల్లలకు ముద్దులు. నీకు ఏం రాయాలో తెలియడం లేదు కాబట్టి పేరు మాత్రం రాస్తున్నాను.

యాదలక్ష్మి

తా.క. కవరు అంటించాను. మళ్లీ ఆవిరి పట్టి విప్పాను. నిన్ను వాకిట్లో నిజం చెప్పమని రాసి నేను నోరు మూసుకుంటే ఆ చెంబు పట్టిన చెయ్యి కుళ్లిపోతుంది.

ఆ శివరాత్రికి నాకు జ్వరం రాలేదు. అప్పుడు మేము ఇంకా ఈ ఇంటికి రాలేదు, చేర్యాలలో మా అత్తగారింట్లో ఉన్నాం కదా. పెళ్లిచీరలు పన్నెండు ఒప్పుకుని కూర్చున్నాం. మా అత్త ఆమె తమ్ముడి ఇంటికి పోయింది. నూలు కండెలు చుట్టే చెయ్యి లేదు. అవ్వ ప్రయాణమవుతోందని తెలిసే కబురు పంపాను. చూడకపోతే దక్కనని చెప్పమన్నాను. కట్టిన మూట విప్పి అవ్వ పరుగున వచ్చింది. నేను నుదుటిమీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాను. గుడ్డ తీసి అరచెయ్యి ఆనించి చూసింది. ఒళ్లు చల్లగా ఉంది. ఆ గుడ్డ పిండి దండెం మీద ఆరేసింది. తర్వాత, “రాట్నం ఏడున్నదే?” అని అడిగింది.

ఇరవై రోజులు చుట్టింది. పోయే రోజున, “మీ అన్నకు చెప్పకు. ఆనికి కోపం జాస్తి. ఏడాదంత నేను ఆగలేను, ఉగాదికి తోల్కపొమ్మని నేనే ఆని ఎంటవడి పానం తీస్త” అంది.

ఆ నెల నువ్వు పట్టలేదు అన్నా. నేను పట్టాను. ఈ మాట చెప్పకుండా పైనంతా నిన్ను తిట్టాను. ఇప్పుడు తిట్టడం నీ వంతు. కార్డు మీద రాయకు, వచ్చి ఎదురుగా తిట్టు.